ప్రార్థన వేరు, సంగీత పాఠం వేరు

భోగాపురం వైపు నివసించే ఒక సోదరుడు ఇటీవల మమ్మల్ని ఒక ప్రశ్న అడిగారు. ఆయన కుమార్తె ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఏడవ తరగతి చదువుతున్నది. పాపది చక్కని గొంతు. పాఠశాల వార్షికోత్సవంలో తొలి పాట పాడే బృందానికి ఆ బాలికను ముందు నిలబెట్టాలని ఉపాధ్యాయిని సంకల్పించారు. ఆ తొలి పాట చదువుల తల్లిని స్తుతించే ప్రార్థనాగీతం. “మా పాప ఈ పాట పాడవచ్చునా? వద్దంటే టీచరు గారు నొచ్చుకుంటారు. సరేనందామంటే నా మనసు ఒప్పుకోవడం లేదు. కాదని చెప్పి వస్తే రేపటి నుంచి తరగతిలో పాప ఒంటరిదైపోతుందేమోనని భయంగా ఉంది” అన్నారాయన.

ఇందులో చెడ్డవారెవరూ లేరు. ఉపాధ్యాయిని ఒక పసిగొంతులోని ప్రతిభను గుర్తించారు. తండ్రి తన విశ్వాసానికి కట్టుబడి ఉండాలనుకున్నారు. పాపకు పాడాలని ఉన్నది. ముగ్గురి కోరికా న్యాయమైనదే. అయినా ఆ ఇంట్లో నిద్ర కరువైంది. ఇటువంటి ఇబ్బంది ఎదురైన కుటుంబం ఇదొక్కటే కాదని మాకు తెలుసు. అందువల్ల ఆ సోదరునికి ఇవ్వదలచిన సమాధానాన్ని పాఠకులందరి ముందు ఉంచుతున్నాము.

ఉత్తర కోస్తాలో ముస్లింల సంఖ్య స్వల్పం. కర్నూలులోనో గుంటూరులోనో ఒకే తరగతిలో మన పిల్లలు పదిమంది కనబడవచ్చు. విజయనగరం జిల్లా పల్లెబడిలో ఒక్కరో ఇద్దరో ఉంటారు. పదిమంది ఉన్నచోట ఒక పాట విషయంలో అభ్యంతరం వస్తే అది ఒక సముదాయం అభ్యంతరంగా వినబడుతుంది. ఒక్కరే ఉన్నచోట అదే మాట ఒక పిల్ల మొండితనంగా కనబడుతుంది. పైగా భోగాపురం ఇప్పుడు మునుపటి భోగాపురం కాదు. 2023 మే 3న అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగిన నాటి నుంచి ఆ ప్రాంతం రూపురేఖలు మారుతున్నాయి. పనుల కోసం, వ్యాపారాల కోసం, ఉద్యోగాల కోసం వేర్వేరు ప్రాంతాల కుటుంబాలు అక్కడికి చేరక తప్పదు. వారి పిల్లలు చేరేది ఆ చుట్టుపక్కల బడులలోనే. నేడు ఒక తండ్రికి ఎదురైన ప్రశ్న రేపు అనేకులకు ఎదురవుతుంది. అప్పుడు తగవులాడుకునే బదులు ఇప్పుడే ఆలోచించుకోవడం మేలు.

సంగీతం పీరియడు లేని బడి

మా దృష్టిలో ఈ చిక్కుకు మూలం ఆ పాటలో లేదు. బడిలో సంగీతం లేకపోవడంలో ఉన్నది.

2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం పదవ తరగతి వరకు కళావిద్యను అందరికీ బోధించాలని సూచించింది. 2020 జాతీయ విద్యావిధానం కూడా కళలను చదువుతో మేళవించాలని చెప్పింది. కాని మన ప్రభుత్వ పాఠశాలల్లో సంగీతం ఉపాధ్యాయుడు ఉన్నవి ఎన్ని? చాలాచోట్ల పిల్లవాడికి అందే సంగీత విద్య అంతా ఉదయం ప్రార్థనా సమావేశంలోనే మొదలై అక్కడే ముగుస్తుంది. దానికి అదనంగా ఆగస్టు 15న, జనవరి 26న, వార్షికోత్సవం నాడు నేర్పే నాలుగు పాటలు. సంగీతం పీరియడు లేనిచోట ప్రార్థనే సంగీత పాఠమైపోతుంది. పాట నేర్వాలంటే ప్రార్థన చేయాలి, ప్రార్థన వద్దంటే పాటనే వదులుకోవాలి. మన పిల్లలు ఈ ఇరుకులో పడుతున్నారు.

విచిత్రమేమంటే, ఈ కొరత సంగీతానికి పుట్టినిల్లు వంటి జిల్లాలో ఉన్నది. భోగాపురం నుంచి గంటలోపు ప్రయాణంలో విజయనగరం మహారాజా ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉన్నది. 1919లో విజయరామ గజపతిరాజు దానిని నెలకొల్పారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాలు. 1936లో ఆయన స్థానంలోకి వాయులీన విద్వాంసుడు ద్వారం వెంకటస్వామినాయుడు వచ్చారు. ఘంటసాల, పి. సుశీల అక్కడ చదువుకున్నవారే. ప్రస్తుతం ఆ కళాశాల ప్రభుత్వానిది, అంటే మనందరిదీను.

నారాయణదాసు గారి గురించి మన పాఠకులు ప్రత్యేకంగా తెలుసుకోవలసిన సంగతి ఒకటున్నది. జీవితమంతా హరికథలు చెప్పిన ఆ భక్తుడు పారశీక భాష నేర్చారు. ఉమర్ ఖయ్యాం రుబాయీలను సంస్కృతంలోకీ, అచ్చ తెలుగులోకీ అనువదించారు. ఆ గ్రంథం 1932లో వెలువడింది. ఒక ముస్లిం కవిని చదివినందువల్ల ఆయన భక్తికి లోటు రాలేదు. నేర్చుకోవడం ఒక పని, ఆరాధించడం మరొక పని అని ఆ విద్వాంసుని జీవితమే చూపుతున్నది. ఆయన ఖయ్యాంను చదివినట్లే మన పిల్లలు త్యాగరాజును చదవవచ్చు.

ఈ మాట మేము ఊరికే అనడం లేదు. కర్ణాటక సంగీతంలో సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు పూర్తయ్యాక విద్యార్థి నేర్చే తొలి పాటలు పురందరదాసు కూర్చిన పిళ్ళారి గీతాలు. అవి దేవతాస్తుతులు. తరువాత వచ్చే కృతుల్లో ఎక్కువ భాగం భక్తి రచనలే. మతసంబంధమైన ప్రతి పాటనూ బడి నుంచి తొలగించాలని మనం కోరితే తెలుగువారి శాస్త్రీయ సంగీతంలో మిగిలేది కొద్దిపాటే. అటువంటి కోరిక న్యాయమూ కాదు, మనకు మేలు చేసేదీ కాదు. రేపు అదే కత్తెర నాతుల మీద, ఖవ్వాలీల మీద, క్రైస్తవ కీర్తనల మీద పడుతుంది.

రాజ్యాంగం గీసిన గీత

మరి గీత ఎక్కడ గీయాలి? రాజ్యాంగం దానిని గీసే ఉంచింది. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మతబోధ జరగరాదని 28వ అధికరణం మొదటి క్లాజు చెబుతున్నది. ప్రభుత్వ గుర్తింపు గాని, సహాయం గాని పొందిన సంస్థలో చదివే ఏ విద్యార్థినీ మతబోధలో పాల్గొనమని, మతారాధనకు హాజరు కమ్మని నిర్బంధించరాదని మూడవ క్లాజు చెబుతున్నది. విద్యార్థి మైనరైతే సంరక్షకుని సమ్మతి ఉండాలి. ఆ సోదరుడు మొహమాటంతో అడగలేకపోతున్నది ఎవరి దయాదాక్షిణ్యమూ కాదు, రాజ్యాంగం తండ్రికి ఇచ్చిన హక్కు.

మతాన్ని గురించి చదవడానికి మాత్రం అడ్డు లేదు. గురునానక్ జీవితాన్నీ బోధలనూ విద్యావిషయంగా అధ్యయనం చేయడం మతబోధ కాదని డి.ఏ.వి. కళాశాల కేసులో 1971లో సుప్రీంకోర్టు చెప్పింది. 2002లో అరుణారాయ్ కేసులోనూ అన్ని మతాల గురించిన పరిచయం పాఠ్యాంశాల్లో ఉండవచ్చునన్నది. ఈ రెంటినీ కలిపి చదివితే సంగీతానికి కూడా సూత్రం దొరుకుతుంది. భక్తిపాటను పాఠంగా నేర్పవచ్చు. పాట పేరుతో ఆరాధన చేయించరాదు.

పాడడానికి నిరాకరించిన పిల్లల గురించి కూడా మన దేశంలో ఒక గొప్ప తీర్పు ఉన్నది. కేరళలో యెహోవాసాక్షుల విశ్వాసానికి చెందిన ముగ్గురు పిల్లలు జాతీయగీతం పాడే వేళ గౌరవంగా లేచి నిలబడేవారు, కాని గొంతు కలిపేవారు కాదు. 1985లో వారిని బడి నుంచి పంపివేశారు. బిజో ఇమ్మాన్యుయేల్ కేసుగా పేరొందిన ఆ వివాదంలో 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు పిల్లల పక్షాన తీర్పు చెప్పింది. గౌరవంగా నిలబడడమే గౌరవమని, మనస్సాక్షికి విరుద్ధంగా పాడించే చట్టమేదీ లేదని స్పష్టం చేసి, పిల్లలను తిరిగి చేర్చుకోమన్నది. ఆ తీర్పు రాసినది తెలుగువారైన జస్టిస్ ఒ. చిన్నపరెడ్డి. జాతీయగీతం విషయంలోనే ఇంత స్వేచ్ఛ ఉంటే, ఒక దేవతాస్తుతి విషయంలో ఎంత ఉండాలో వేరుగా చెప్పనవసరం లేదు.

ఈ గీత మైనారిటీగా ఉన్న ప్రతివారినీ కాపాడుతుంది. అమెరికాలో స్థిరపడిన తెలుగు హిందూ కుటుంబాలనే చూడండి. డిసెంబరు వచ్చిందంటే అక్కడి ప్రభుత్వ పాఠశాలల సంగీత కచేరీల్లో క్రిస్మస్ పాటలు ఉంటాయి. 1980లో ఫ్లోరీ కేసులో అక్కడి ఫెడరల్ అప్పీలు కోర్టు ఒక పద్ధతిని ఆమోదించింది. మతసంబంధమైన పాటలను సాంస్కృతిక వారసత్వంలో భాగంగా, నిష్పాక్షికంగా నేర్పవచ్చు. ఇష్టం లేని పిల్లలకు మినహాయింపు ఉండాలి. అక్కడ ఒక తెలుగు హిందూ తండ్రికి ఊరటనిచ్చే నియమం ఇక్కడ భోగాపురంలోని ముస్లిం తండ్రికి ఎందుకు ఊరట ఇవ్వకూడదు?

తూకం ఒక్కటే కావాలి

హక్కు గురించి మాట్లాడేవారు తమవైపు తప్పు జరిగినప్పుడూ అదే మాట మాట్లాడాలి. 1938లో హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో హాస్టలు విద్యార్థులు తమ ప్రార్థనలో వందేమాతరం పాడుకున్నారు. నిజాం ప్రభుత్వ కాలపు అధికారులు దానిని నిషేధించారు. పాట మానని విద్యార్థులను బహిష్కరించారు. వారిలో అనేకులను నాగపూరు విశ్వవిద్యాలయం చేర్చుకున్నది. తరువాతి కాలంలో ప్రధానమంత్రి అయిన పి.వి. నరసింహారావు ఆనాటి విద్యార్థుల్లో ఒకరు. ఆ గీతంలో దుర్గాస్తుతి ఉన్న చరణాల పట్ల ముస్లింలకు అభ్యంతరం ఉండడం వేరు. తమ గదిలో తమంతట తాము పాడుకునే విద్యార్థుల గొంతు నొక్కడం వేరు. రెండవది అన్యాయమే. పాలకుడు ముస్లిం అయినంత మాత్రాన అది న్యాయం కాజాలదు.

అంతకు ఏడాది ముందు, 1937లో, కాంగ్రెసు కార్యవర్గం ఇదే పాట విషయంలో ఒక సామరస్య మార్గం కనుగొన్నది. మొదటి రెండు చరణాలు మాత్రమే పాడాలని, దానికి తోడుగా గాని బదులుగా గాని అభ్యంతరం లేని మరొక పాటను పాడే స్వేచ్ఛ నిర్వాహకులకు ఉండాలని తీర్మానించింది. బలవంతమూ లేదు, నిషేధమూ లేదు. ఎనభై ఏళ్ళు దాటినా ఆ తీర్మానంలోని బుద్ధి పాతబడలేదు.

ఇక నేటి కాలపు సంగతి. 2019 అక్టోబరులో ఉత్తరప్రదేశ్ పిలిభిత్ జిల్లాలో ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయుణ్ణి సస్పెండు చేశారు. ప్రార్థనా సమావేశంలో పిల్లల చేత ఇక్బాల్ రాసిన ‘బచ్చే కీ దుఆ’ చదివించారన్నది ఆరోపణ. వెలుగు పంచే దీపంలా బతకాలని, పేదలకు అండగా నిలవాలని పిల్లవాడు దేవుణ్ణి వేడుకునే పాట అది. ఆ బడిలో ఇష్టం లేని హిందూ బాలుడు ఒక్కడున్నా వాణ్ణి పాడమని బలవంతపెట్టకూడదని మేమూ అంటాము. కాని సంస్కృత శ్లోకం చదివించినందుకు ఏ ప్రధానోపాధ్యాయుడైనా ఉద్యోగం నుంచి సస్పెండయ్యాడా? కేంద్రీయ విద్యాలయాల ప్రార్థనపై దాఖలైన పిటిషన్‌ను 2019 జనవరిలో సుప్రీంకోర్టు విస్తృత ధర్మాసనానికి నివేదించింది. ప్రశ్న గంభీరమైనదని న్యాయస్థానమే గుర్తించింది. ఒక ప్రార్థన సంస్కృతి అని, మరొక ప్రార్థన మతమని రెండు తూకపురాళ్ళు వాడడం మాత్రం ఏ ధర్మాసనమూ చెప్పని పద్ధతి.

“చినమౌలానా వాయించలేదా?”

ఈ చర్చ వచ్చినప్పుడల్లా మన ముందు ఒక ప్రశ్న పెడతారు. “షేక్ చినమౌలానా నాదస్వరం వాయించలేదా? మీకేమిటి అభ్యంతరం?” అని. ఒంగోలు దగ్గరి కరవదిలో పుట్టిన ఆ విద్వాంసుడు శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి బిరుదు పొందారు. ఆయన మనకు గర్వకారణం. బుర్రకథను శిఖరానికి చేర్చి 1986లో పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్ కూడా అంతే. తెలుగు సంగీతం వీరిని మినహాయించి చెప్పుకోదగినది కాదు.

కాని ఒకరు తమ ఇష్టంతో ఎంచుకున్న దారి మరొకరికి ఆజ్ఞ కాలేదు. చినమౌలానా నాదస్వరాన్ని సాధనతో, తమ సొంత ఇష్టంతో స్వీకరించారు. ఏడవ తరగతి బాలికను వేదికపై నిలబెట్టి పాడమనడంలో ఆ ఎంపిక ఎక్కడుంది? విద్వాంసుని స్వేచ్ఛను పొగిడేవారు ఆ పాప స్వేచ్ఛనూ గౌరవించాలి.

మన ఇంటి మాట

ఇంతవరకు ఇతరులతో మాట్లాడాము. ఇప్పుడు మనలో మనం మాట్లాడుకోవాలి. ఈ చిక్కు నుంచి తప్పించుకునేందుకు కొందరు తల్లిదండ్రులు సులువైన దారి ఎంచుకుంటున్నారు. “పాటల జోలికే వెళ్ళవద్దు” అని పిల్లలకు చెబుతున్నారు.

సంగీతం గురించి మన పండితుల్లో భిన్నాభిప్రాయాలు ఉన్నమాట నిజమే. వాద్యాల విషయంలో పలువురు కఠినంగా ఉన్నారు. ఇబ్ను హజ్మ్ వంటివారు అనుమతించారు. ఇమామ్ గజాలీ తమ ‘ఇహ్యా’లో దీనికి ఒక పూర్తి భాగమే కేటాయించి, ఏది తగునో ఏది తగదో విడమరచి చర్చించారు. పండుగ రోజున హజ్రత్ ఆయిషా (రజి) ఇంట పాడుతున్న బాలికలను హజ్రత్ అబూబక్ర్ (రజి) వారించబోగా, దైవప్రవక్త (సఅసం) వారిని పాడుకోనివ్వమన్న ఉదంతం బుఖారీ హదీసు సంపుటిలో ఉన్నది. ఏ అభిప్రాయాన్ని అనుసరించాలో ఆయా కుటుంబాలు తమ ఆలిములను సంప్రదించి నిర్ణయించుకోవాలి. ఆ నిర్ణయం తెలిసి తీసుకున్నది కావాలి, భయంతో తీసుకున్నది కాకూడదు.

ఒక్క విషయంలో మాత్రం భిన్నాభిప్రాయానికి తావు లేదు. ఏకదైవారాధన మన విశ్వాసానికి పునాది. ఆరాధనాభావంతో మరొకరిని స్తుతించడం ఆ పునాదికి సరిపడదు. ఆ తండ్రి మనసు ఒప్పుకోకపోవడానికి కారణం ఇదే. అదే సమయంలో ఇతరులు ఆరాధించేవాటిని దూషించవద్దని దివ్యఖుర్ఆన్ (6:108) మనకు ఆదేశిస్తున్నది. కాబట్టి “నేను పాడను” అనే మాట వేరు, “మీ పాట చెడ్డది” అనే మాట వేరు. మొదటిది మన హక్కు. రెండవది మనకు నిషిద్ధం. ఈ తేడాను ఇంట్లో పిల్లలకు ముందుగా నేర్పితే బడిలో సగం గొడవలు పుట్టనే పుట్టవు.

పిల్లలు పూర్తిగా సంగీతానికి దూరమైతే నష్టం మనకే. స్వరం, లయ, శ్రుతి ఏ మతానివీ కావు. అక్షరాన్ని దాని స్థానం నుంచి పలకడం, ఊపిరిని అదుపులో ఉంచుకోవడం మన పిల్లలు ఖుర్ఆన్ పారాయణంలోనే అలవరచుకుంటున్నారు. అటువంటి గొంతులను బడిలో మూలన కూర్చోబెట్టి, తరువాత “మన పాటలు పాఠ్యపుస్తకాల్లో ఎందుకు లేవు?” అని అడిగితే ఎవరు వింటారు?

మనం అడగవలసినవి

ఆ సోదరునికి మా సలహా ఇది. మీరే స్వయంగా ఉపాధ్యాయినిని కలవండి. పాప ప్రతిభను గుర్తించినందుకు ముందుగా కృతజ్ఞతలు చెప్పండి. ఈ ఒక్క పాట ప్రార్థన గనుక మా విశ్వాసం ఒప్పుకోదని, ఆ వేళ పాప గౌరవంగా మౌనంగా నిలబడుతుందని చెప్పండి. వెంటనే మరొక పాట అడగండి. విజయనగరంలో జీవించిన గురజాడ రాసిన దేశభక్తి గేయం ఏ దేవతనూ కొలవదు, మనుషులనే దేశంగా చూపుతుంది. ఆ పాటకు మీ పాపను ముందు నిలబెట్టమనండి. అవసరమైతే మీ అభ్యర్థనను ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. మర్యాదగా రాసిన నాలుగు వాక్యాలు పెద్ద వాగ్వాదం కన్నా మేలు చేస్తాయి.

ఉపాధ్యాయులకూ మా మనవి ఒకటున్నది. ఒక పాట పాఠమో ప్రార్థనో తెలుసుకోవడానికి మూడు ప్రశ్నలు వేసుకోండి. పిల్లలు చేతులు జోడించి పటం ముందు పాడుతున్నారా, తరగతిలో కూర్చొని నేర్చుకుంటున్నారా? పాట ఎవరు రాశారు, ఏ రాగం, ఏ నేపథ్యం అని వారికి చెబుతున్నారా, కేవలం పాడమంటున్నారా? పాడని పిల్లకు మార్కుల్లో గాని, మన్ననలో గాని నష్టం లేకుండా చూస్తున్నారా? ఈ మూడింటికి సరైన జవాబు ఉన్నచోట త్యాగరాజ కృతి నేర్పినా మాకు అభ్యంతరం లేదు.

అయితే ఆ పాఠంలో అందరూ ఉండాలి. ఉత్తరాంధ్రలో అందుకు సరుకు కొదువ లేదు. నారాయణదాసు హరికథ ఉన్నది. తప్పెటగుళ్ళు, జముకుల కథ ఉన్నాయి. పర్లాకిమిడి, శ్రీకాకుళం ప్రాంతాల్లో పరిచర్య చేసిన పురుషోత్తమ చౌధరి తెలుగులో రచించిన క్రైస్తవ కీర్తనలు ఉన్నాయి. కర్బలా గాథను తెలుగు పల్లెల్లో నిలిపిన పీర్ల పాటలు ఉన్నాయి. పీర్ల ఆచారాలపై మన పండితుల అభ్యంతరాలు తెలిసినవే, కాని ఒక పాటను చరిత్రగా చదవడం ఆచారాన్ని పాటించడం కాదు. ఇతరుల భక్తిపాటకు వర్తించిన సూత్రం ఇక్కడా వర్తిస్తుంది. విజయనగరం బాబామెట్టలోని ఖాదర్ వలీ దర్గాకు అన్ని మతాలవారూ వస్తారు. ఆ ఉరుసులో వినిపించే ఖవ్వాలీ గురించి ఆ ఊరి పిల్లలు తమ బడిలో ఒక్క పాఠమైనా వినకపోవడం లోటే కదా.

వీటన్నింటికీ ముందు కావలసింది సంగీతం ఉపాధ్యాయుడు. విద్యాహక్కు చట్టం, 2009 ప్రకారం ఏర్పడే పాఠశాల యాజమాన్య కమిటీల్లో కనీసం నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి. ఆ కమిటీల్లో మనవారు చేరాలి. ప్రార్థన గురించి ఫిర్యాదు చేయడానికే కాక, వారానికి రెండు సంగీతం పీరియడ్లు కావాలని తీర్మానం చేయించడానికి చేరాలి. విజయనగరం కళాశాలలో చదివి ఉద్యోగం కోసం ఎదురుచూసేవారిని ఈ బడుల్లో నియమించమని హిందూ, క్రైస్తవ తల్లిదండ్రులతో కలిసి అర్జీ పెట్టాలి. ఇది మతానికి సంబంధించిన కోరిక కాదు గనుక వారు తప్పక సంతకం చేస్తారు. అటువంటి అర్జీ మీద ఎవరు ముందుగా సంతకం చేసినా సంతోషమే. భోగాపురంలో ఆ తొలి సంతకం మన సోదరునిది అయితే మరీ సంతోషం.